సన్నిధిలో ఉన్నవాడికి శోధన రాదా?

మన సంఘాల్లో పాపం ప్రస్తావన వచ్చినప్పుడల్లా ఒక మాట వినపడుతుంది. ఎంత అలవాటైపోయిందంటే దాన్ని ఆపి ప్రశ్నించేవాళ్ళు లేరు. "దేవుని సన్నిధిలో గడిపేవాడి దగ్గరికి శోధన రాదు." దాని వెనకే ఇంకోటి: "పడిపోయావంటే నీకు సన్నిధి తగ్గిందన్నమాట." మందు మానలేకపోతున్న కుర్రాడికీ, అర్ధరాత్రి ఫోన్‌లో చూడకూడనివి చూసి పొద్దున్నే కుమిలిపోయే బైబిల్ కాలేజీ విద్యార్థికీ, తోటికోడలి మీద అసూయతో రగిలిపోయే ఇల్లాలికీ, కానుకల డబ్బులో చెయ్యి పెట్టిన ట్రెజరరుకీ మందుచీటీ ఒకటే. ఇంకాస్త ప్రార్థన చెయ్యి. ఇంకో మూడు రోజులు ఉపవాసం ఉండు. శుక్రవారం ఆల్‌నైట్ ప్రేయర్‌కి రా బ్రదర్, అయ్యగారు తలమీద చెయ్యి వేస్తారు, అభిషేకం దిగితే అపవాది పారిపోతాడు. దేవుని సన్నిధిని మనం మస్కిటో కాయిల్‌లా వాడుకుంటున్నాం. వెలిగిస్తే దోమలు పోవాలి. పోలేదంటే మనం సరిగ్గా వెలిగించలేదు.

ఈ బోధ తప్పు. మంచి ఉద్దేశంతో కాస్త ఎక్కువ చేసి చెప్పారులే అని సర్దుకోవడానికి లేదు. ఇది బైబిలుకి ఎదురు నడిచే బోధ. పైగా పాపాన్ని తగ్గించదు సరికదా, దాన్ని దాచుకోవడం నేర్పుతుంది. ప్రార్థననీ ఉపవాసాన్నీ తక్కువ చెయ్యాలని నాకు లేదు. వాటికి మనం అప్పజెప్పిన పనే తప్పని నా వాదన.

ముందుగా ఆ బోధకి సీనాయి కొండ అడ్డొస్తుంది. నిర్గమకాండం 24వ అధ్యాయంలో మోషేతోబాటు అహరోను, అతని కొడుకులిద్దరు, డెబ్భైమంది పెద్దలు కొండెక్కారు. వాళ్ళు ఇశ్రాయేలు దేవుణ్ణి చూశారనీ, చూసి అన్నపానాలు పుచ్చుకున్నారనీ రాసి ఉంది. అంత దగ్గరి సన్నిధి పాత నిబంధనలో ఎందరికి దొరికింది? ఆ తరవాత కొండ శిఖరం మీద దేవుని మహిమ దహించే అగ్నిలా జనమంతటికీ కనపడింది. మోషే నలభై రోజులు పైనే ఉండిపోయాడు. ఆ కొండ కిందే, ఆ అహరోనే, జనం చెవిపోగులు తెప్పించి దూడని పోతపోశాడు. అంతటితో ఊరుకోలేదు. దాని ముందు బలిపీఠం కట్టి, మర్నాడు యెహోవాకి పండగ అని చాటింపు వేయించాడు. అంటే ఆరాధన ఆగిపోయి పాపం మొదలవలేదు, పాపం ఆరాధన వేషంలోనే వచ్చింది. మోషే నిలదీస్తే అహరోను చెప్పుకున్నది లోకంలోని సాకులన్నిటికీ తాత: తను బంగారాన్ని నిప్పులో వేశాడట, దూడ దానంతటదే బయటికొచ్చిందట! సన్నిధి చిక్కబడేకొద్దీ శోధన పలచబడుతుందన్న లెక్కే నిజమైతే, దూడ పుట్టకూడని చోటు భూమి మీద అదొక్కటే.

యేసు సంగతి ఇంకా సూటిగా ఉంది. యొర్దానులో బాప్తిస్మం, పావురంలా ఆత్మ దిగిరావడం, ఆకాశంనుంచి తండ్రి స్వరం, వెంటనే అరణ్యం. పరిశుద్ధాత్మతో నిండినవాడై ఆయన అక్కడికి వెళ్ళాడని లూకా అంటాడు. మార్కు ఇంకా గట్టిగా, ఆత్మే ఆయన్ని అక్కడికి తోశాడంటాడు. అభిషేకం చాలక ఆ నలభై రోజులు వచ్చాయని ఏ పాస్టరుగారైనా చెప్పగలరా? ఆకలేసిన మనిషికి రొట్టె విషయంలో శోధన వచ్చింది. ఆయన ఆకలి లేదని బుకాయించలేదు, ఆకాశాన్ని వణికించలేదు. నజరేతులో పెరిగిన యూదుడిగా తను నేర్చుకున్న ద్వితీయోపదేశకాండంలోంచి మూడుసార్లూ జవాబిచ్చాడు. అవీ ఇశ్రాయేలీయులు అరణ్యంలో తప్పటడుగు వేసిన సందర్భాలను గుర్తుచేసే మాటలే. చివర్లో లూకా ఒక వివరం చేర్చాడు. మన ఉజ్జీవ కూటాల్లో దాని మీద ప్రసంగం నేను వినలేదు. అపవాది ఆయన్ని విడిచివెళ్ళింది కొంతకాలానికేనట, మళ్ళీ అదను చూసుకునేదాకా. ప్రభువుకే ఒక్క దెబ్బతో తెమలని పని మనకి శుక్రవారం రాత్రికి ఎలా తెములుతుంది?

ఇక్కడ నా మీదికి వచనాలు వస్తాయి. రావాలి కూడా. అపవాదిని ఎదిరిస్తే పారిపోతాడని యాకోబు రాశాడు కదా అంటారు. రాశాడు. ఎదిరించాలంటే ఎదట ఎవడో ఒకడు నిలబడి ఉండాలి కదా. పైగా అదే యాకోబు మొదటి అధ్యాయంలోనే, మనిషిని ఈడ్చుకుపోయేది తన సొంత దురాశేనని తేల్చేశాడు. దాన్ని ఏ కూటంలోనూ వెళ్ళగొట్టలేం. తెల్లవారి ఆటోలో మనతోబాటే ఇంటికొస్తుంది. ఆత్మానుసారంగా నడిస్తే శరీరాశను నెరవేర్చరని గలతీ 5:16లో పౌలు అన్నాడు కదా అని ఇంకొకరు. దాని పక్కనే 17వ వచనం ఉంది. శరీరం ఆత్మకి విరోధంగానూ ఆత్మ శరీరానికి విరోధంగానూ ఆశిస్తాయని అక్కడుంది. ఆత్మ ఉన్నచోటే ఆ పోరు. ఆత్మ లేనివాడికి పోరెందుకు, అడిగిందల్లా శరీరానికి ఇచ్చేస్తే సరిపోయె.

మూడోది మాత్రం నిజంగా బరువైనది. ఆయనలో నిలిచి ఉండేవాడు పాపం చెయ్యడని యోహాను మొదటి పత్రిక మూడో అధ్యాయం. దీన్ని పక్కకి నెట్టలేం. అయితే ఆ పత్రిక రాసిన చెయ్యే రెండు అధ్యాయాల ముందు, మనలో పాపం లేదనుకుంటే మనల్ని మనమే మోసం చేసుకుంటున్నట్టని రాసింది. ఎవడైనా పాపం చేస్తే తండ్రి దగ్గర మన పక్షాన ఒకరున్నారనీ రాసింది. మూడో అధ్యాయం తిట్టేది పాపంతో రాజీపడి దాన్ని కాపురానికి తెచ్చుకున్నవాణ్ణి. కాలు జారి లేచి, తప్పు ఒప్పుకుని, మళ్ళీ నడిచేవాణ్ణి కాదు. ఈ రెంటినీ కలిపి చదవకపోతే ఆ వచనం దొరికిన ప్రతి విశ్వాసీ రెంటిలో ఒకటి కావలసిందే: వేషధారి, లేదా నిరాశతో చర్చి మానేసినవాడు. మన ఊళ్ళల్లో ఇద్దరికీ కొదవలేదు.

ఈ బోధకి వంశం కూడా ఉంది. ఇంగ్లండులో 1875లో మొదలైన కెజిక్ సభలు జయజీవితమనే బోధని ప్రచారంలోకి తెచ్చాయి. సంపూర్ణంగా సమర్పించుకుని విశ్వసిస్తే, తెలిసిన ప్రతి పాపం మీదా ఎడతెగని జయం ఉంటుందని దాని సారం. శోధనే ఉండదని ఆ బోధకులు అనలేదు. లోపలి పాపస్వభావం చచ్చిపోతుందనీ అనలేదు. అది నిజాయితీగా ఒప్పుకోవాలి. అయినా రెండేళ్ళకే, 1877లో, ఆంగ్లికన్ పాదిరి జె.సి. రైల్ పరిశుద్ధత మీద పుస్తకం రాసి, కొత్త నిబంధన విశ్వాసిని సైనికుడిగా చూస్తుంటే మీరు విశ్రాంతి తీసుకునేవాడిగా చూపిస్తున్నారని ఎదురు తిరిగాడు. ఆ జయజీవితమే మైకులు, పాంప్లెట్లు, యూట్యూబు దాటుకుని మన దాకా వచ్చేసరికి దాని జాగ్రత్తలన్నీ దారిలో రాలిపోయాయి. వాగ్దానమొకటే మిగిలింది.

అంతకు ముందరి క్రైస్తవులు ఇంత తేలిగ్గా మాట్లాడలేదు. అగస్టీన్ మిలాన్ తోటలో మారుమనస్సు పొందింది 386లో. ఒప్పుకోళ్ళ పుస్తకం రాసేనాటికి పదేళ్ళు దాటాయి, అప్పటికాయన బిషప్పు. దానిలో పదో భాగం చూడండి: ఇంకా తన్ను లాగుతున్నవి ఏమిటో దేవుడికే చెప్పుకుంటాడు. కలల్లో వచ్చే పాత రూపాలు, తిండి మీద యావ, చర్చి పాటలో అర్థం మరిచి రాగంలో పడిపోవడం, నలుగురూ పొగిడితే లోపల కలిగే తీపి. మన బిషప్పు ఎవరైనా మహాసభలో మైకు ముందు అలా చదివితే మర్నాటికి కమిటీ కూర్చుంటుంది. ఈజిప్టు ఎడారి సన్యాసుల్లో పొట్టి యోహాను కథ ఇంకా బావుంటుంది. తనలోని వికారాలన్నీ తీసెయ్యమని దేవుణ్ణి అడిగాడు, తీరిపోయాయి. సంతోషంగా వెళ్ళి ఒక పెద్దాయనతో, నాకిప్పుడు శత్రువే లేడు, ప్రశాంతంగా ఉన్నానన్నాడు. అయితే వెళ్ళి నీ పోరాటం నీకు తిరిగిమ్మని దేవుణ్ణి అడుక్కో, ఆత్మ ఎదిగేది దానివల్లేనని పెద్దాయన పంపేశాడు. అప్పటినుంచి యోహాను పోరు పోవాలని అడగలేదు, ఓర్పు ఇమ్మని అడిగాడు.

శోధన రాదని నమ్మిన సంఘంలో శోధన వచ్చినప్పుడు మనిషి ఏం చేస్తాడు? నోరు మూసుకుంటాడు. ఆదివారం సాక్ష్యాలు వినండి. తాగేవాణ్ణి, కొట్టేవాణ్ణి, పేకాడేవాణ్ణి, ఫలానా కూటంలో ప్రభువు ముట్టాడు, ఇప్పుడు స్తోత్రం. మన సాక్ష్యాల్లో పాపానికి ఎప్పుడూ భూతకాలమే. వర్తమానంలో పాపమున్నవాడికి మైకు ఇవ్వరు, ఇచ్చినా వాడు చెప్పడు. పురుషోత్తమ చౌదరిగారి కీర్తనల్లో భక్తుడు తన పాపాన్ని ఇప్పటి సంగతిగానే మొరపెట్టుకుంటాడు. అవి పాడుతూ పెరిగిన జాతి మనది. ఇప్పటి స్టేజీల మీద వాటి చోటు జయధ్వానాలు ఆక్రమించుకున్నాయి.

దాచుకున్నది ఎక్కడిదాకా పోతుందో ప్రపంచం చూసింది. మద్రాసులో పుట్టి దేశదేశాల్లో క్రైస్తవ విశ్వాసం తరఫున వాదించిన రవి జకరియాస్ 2020 మేలో చనిపోయారు. 2021 ఫిబ్రవరిలో ఆయన సంస్థ బోర్డే బయటపెట్టిన దర్యాప్తు నివేదిక ఏళ్ళ తరబడి సాగిన లైంగిక దుష్ప్రవర్తనను నిర్ధారించింది. మేధోవైకల్యం ఉన్నవారితో కలిసి బతికే లార్ష్ సమాజాలను ఫ్రాన్సులో 1964లో మొదలుపెట్టిన జాన్ వనియేని చాలామంది బతికున్న పరిశుద్ధుడనే అనుకున్నారు. ఆయన పోయిన మరుసటి ఏడు, 2020 ఫిబ్రవరిలో, లార్ష్ ఇంటర్నేషనలే ప్రకటించిన నివేదిక చదివితే గుండె జారుతుంది. ఆధ్యాత్మిక మార్గదర్శనం కోసం వచ్చిన స్త్రీలను ఆయన లొంగదీసుకున్నారు, దానికి భక్తి భాషనే వాడుకున్నారు. వీళ్ళు ప్రార్థన ఎరగనివాళ్ళా? సన్నిధి గురించి మాట్లాడలేనివాళ్ళా? ఆ మాటల్లో వాళ్ళకున్న నేర్పు మనలో ఎవరికీ లేదు. అందుకే చుట్టూ ఉన్నవాళ్ళలో చాలామంది అడగలేదు. మనిషి దగ్గర సన్నిధి ఉందని మనం తీర్మానించుకున్న క్షణాన అతన్ని ప్రశ్నించడం దేవుణ్ణి ప్రశ్నించడమైపోతుంది.

పాపమంటే తాగుడు, తిరుగుడు మాత్రమేనని కూడా ఈ బోధ చుట్టూ ఒక అపోహ పెరిగింది. పెంతెకొస్తు అగ్ని తల మీద దిగిన పేతురు అంతియొకయలో ఏ పాపంలో పడ్డాడు? అన్యజనులతో కూర్చుని భోంచేస్తున్నవాడు, యెరూషలేమునుంచి కొందరు రాగానే వాళ్ళకి భయపడి పంక్తి మారాడు. పౌలు నలుగురిలో మొహం మీదే అడిగేశాడు. పెళ్ళిసంబంధం దగ్గరికొచ్చేసరికి కులం చూసుకునే విశ్వాసి ఏ ఆల్‌నైట్ ప్రేయర్‌లోనైనా దానినుంచి విడుదల అడిగాడా? అతనికి అది శోధన అని తోచదు. ఆ సంబంధం దేవుడు చూపించాడని సాక్ష్యం కూడా చెబుతాడు.

మరి సన్నిధి దేనికి? ఈ ప్రశ్న న్యాయమైనది. జవాబు పేతురు దగ్గరే దొరుకుతుంది. లూకా 5లో వలలు చినిగేంత చేపలు పడినప్పుడు, పేతురు యేసు మోకాళ్ళ దగ్గర పడి, నేను పాపిని, నన్ను విడిచి వెళ్ళిపొమ్మన్నాడు. పాపికి సన్నిధి అంటే భయమే. ఏదెను తోటలో చెట్ల చాటుకి పారిపోయిన ఆదాముకీ అదే. ఏళ్ళు గడిచాయి. మూడుసార్లు ఎరగనని బొంకాడు, కోడి కూసింది, వెక్కి వెక్కి ఏడ్చాడు. యోహాను 21లో మళ్ళీ అదే సముద్రం, మళ్ళీ చేపలు. ఒడ్డున ఉన్నది ప్రభువని వినగానే ఈసారి వెళ్ళిపొమ్మనలేదు. పైబట్ట చుట్టుకుని నీళ్ళల్లోకి దూకి ఆయన దగ్గరికే వెళ్ళాడు. ఈ మధ్య కాలంలో పేతురు పాపం తగ్గిందా? లెక్కకి పెరిగింది. మారిందల్లా పాపంతో ఎటు పరుగెత్తాలన్నదే. కృపాసనం దగ్గరికి ధైర్యంగా రమ్మని హెబ్రీ పత్రిక పిలిచేది శోధనలు తీరిపోయినవాళ్ళని కాదు, అవసరంలో ఉన్నవాళ్ళని. అక్కడ కూర్చున్నవాడు మనలాగే శోధన అనుభవించినవాడు కాబట్టే ఆ పిలుపు. శోధన మధ్యలో, ఆ ఫోను చేతిలో ఉండగానే, ఆ కోపం నాలిక మీద ఉండగానే ఆయనతో మాట్లాడగలగడం, అదీ సన్నిధి. ముందు శుభ్రపడి వస్తానన్నవాడు ఎప్పటికీ రాడు.

సన్నిధి సాధనకి పేరుపడ్డ బ్రదర్ లారెన్స్ ఇది ఎరిగినవాడు. పదిహేడో శతాబ్దంలో పారిస్‌లోని కార్మెలైట్ మఠంలో వంటవాడాయన. మన యువజన కూటాల్లో ఆయన్ని గిన్నెల మధ్య ఎప్పుడూ ప్రశాంతంగా ఉన్న మనిషిగానే పరిచయం చేస్తారు. మొదటి పదేళ్ళు ఎంతో బాధపడ్డానని ఆయనే ఉత్తరంలో రాసుకున్నాడు. తప్పు చేసినప్పుడు ఆయన చేసే పని చాలా మామూలుగా ఉండేది. నన్ను నాకొదిలేస్తే ఇంతకంటే ఏం చేస్తానని దేవుడితో ఒప్పుకునేవాడు, సరిచెయ్యాల్సింది నువ్వేనని చెప్పి మళ్ళీ పొయ్యి దగ్గరికి పోయేవాడు. నాలుగు రోజులు మొహం చాటెయ్యడం, అయిదో రోజు ప్రత్యేక ఉపవాసంతో తిరిగిరావడం ఆయన పద్ధతి కాదు.

అయితే పాపానికి విచ్చలవిడి లైసెన్సు ఇచ్చేస్తున్నావని కొందరికి అనిపించవచ్చు. నేను చెబుతున్న సన్నిధి మీ దానికంటే కఠినమైనది. జక్కయ్య ఇంట్లోకి యేసు వచ్చాక ఏం జరిగింది? పాటల్లేవు, వణుకులేదు. లెక్కల పుస్తకం బయటికొచ్చింది. ఆస్తిలో సగం బీదలకి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు. మన దగ్గర ప్రభువు నన్ను క్షమించాడని ఏడ్చి, కొట్టిన భార్యకీ మోసపోయిన పొరుగువాడికీ నువ్వూ క్షమించు అని తీర్పు చెప్పేస్తాం. పాపం పరలోకంతో తేలిపోయిందంటే భూమ్మీద బాకీ మాఫీ అయిపోదు. మరీ ముఖ్యంగా, పిల్లల మీద జరిగిన లైంగిక నేరం తెలిసినవాడు పోలీసులకి చెప్పి తీరాలని 2012 నాటి పోక్సో చట్టం ఆదేశిస్తోంది. చర్చి పెద్దల ప్రార్థన దానికి ప్రత్యామ్నాయం కాదు.

కాళ్ళకి కూడా పనుంది. ఆదికాండం 39వ అధ్యాయం యెహోవా యోసేపుకి తోడుగా ఉన్నాడని మొదట్లో చెబుతుంది, చివర్లోనూ చెబుతుంది. మధ్యలో పోతీఫరు భార్య. దినదినం ఆమె అడుగుతూనే ఉందట. దేవుడు తోడున్న ఆ ఇంట్లోనే రోజూ! చివరి రోజున యోసేపు ప్రార్థన మొదలుపెట్టలేదు, చేతికి చిక్కిన పైబట్ట వదిలేసి పరుగెత్తాడు. ఫోను రాత్రి హాల్లో పెట్టి పడుకోమనీ, జీతం వచ్చిన రోజు వైన్‌షాపు లేని దారిన ఇంటికెళ్ళమనీ చెప్పడం మన పాస్టర్లకి ఆత్మీయత తక్కువ మాటల్లా తోస్తుంది. యోసేపుకి అలా తోచలేదు.

ఇక మిగిలింది సాటి మనిషి. మీ పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోండని యాకోబు అయిదో అధ్యాయంలో స్పష్టంగా ఉంది. ప్రొటెస్టెంట్లం కదా, అది కథోలికుల పని అని వదిలేశాం. జాన్ వెస్లీ వదల్లేదు. 1738 డిసెంబరులో తన చిన్న గుంపులకి ఆయన రాసిన నియమాల్లో వారంవారం ప్రతివాణ్ణీ అడగాల్సిన ప్రశ్నలున్నాయి: పోయిన కూటం తరవాత తెలిసి ఏ పాపం చేశావు, ఏ శోధనలు ఎదురయ్యాయి, ఎలా బయటపడ్డావు. శోధన వచ్చిందా అని అడగలేదు, వస్తుందని ఆయనకి తెలుసు. డిసెంబరులో బస్సులు కట్టించుకుని చూడ్డానికి వెళ్తామే, ఆ మెదక్ చర్చిని కట్టింది వెస్లియన్ మిషనే. కట్టడం మనకి దక్కింది, ప్రశ్నలు దక్కలేదు. భక్తిపరుల సమాజం ఎవర్నీ పాపిగా ఉండనివ్వదు, అందుకే అందరూ దాక్కుంటారని జర్మన్ పాస్టరు బోన్‌హోఫర్ 1939లో అచ్చయిన పుస్తకంలోనే రాశాడు. 1935లో అమెరికాలో పుట్టిన ఆల్కహాలిక్స్ అనానిమస్ వాళ్ళూ అయిదో మెట్టులో దేవుడితో, తమతో, ఇంకో మనిషితో తప్పు ఒప్పుకోమన్నారు. చర్చి చేతులెత్తేసిన తాగుబోతులు ఎందరో ఆ కుర్చీల్లో కూర్చుని మానేశారు.

మైకులో ఒప్పుకోమని నేననడం లేదు. మన సంఘాల్లో అది ఒప్పుకోలు కాదు, వారం రోజుల కాలక్షేపం. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, నోరు కట్టుకోగలవాళ్ళు చాలు. ఇందులో అందరికంటే ఇబ్బంది అయ్యగారికే. స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల ఆయనే స్థాపకుడు, ఆయనే ట్రస్టుకి అధ్యక్షుడు. ఆయన్ని అడిగేవాళ్ళు లేరు, ఆయన చెప్పుకునేవాళ్ళూ లేరు. శోధన రాదని ఇరవయ్యేళ్ళు ప్రసంగించిన మనిషి, నిన్న రాత్రి నాకొచ్చిందని ఎవరితో అంటాడు? పక్క ఊరి పాస్టరుతో అనాలి. నెలకోసారి కలిసి, వెస్లీ ప్రశ్నలు ఒకరినొకరు అడగాలి. వేరే డినామినేషన్ వాడైతే మరీ మంచిది. వాడు ఈ సంగతి పట్టుకుని నా విశ్వాసుల్ని లాగేసుకుంటాడేమోనని భయమా? మొదటి నెల ఆ భయమే ఒప్పుకోవచ్చు. అవతలాయన దగ్గరా అదే ఉంటుంది.